వదినగారి చీర, బగ్గీ జెండా

ఏమండీ, నేను హాస్పిటల్‌కి డ్యూటీకి వెళ్తున్నా. పులిహోర ఫ్రిజ్‌లో ఉంది. సిల్వర్ లేక్ దగ్గర మీ బగ్గీ కారుకి జెండా లేకుండా ఇసుక దిబ్బలెక్కకండి. ఫోటోలో తిరునాళ్ళ బండిలా పడుతోందని మీరు పీకేసిన జెండా ఎంత వెతికినా దొరకలేదు. అందుకే మీ అక్కయ్య మన పెళ్ళికి పెట్టిన నారింజరంగు చీర చింపి కొత్తది కుట్టాను. ఎనిమిదేళ్ళుగా ఎక్కడికి కట్టుకెళ్ళాలో తెలియని చీర, ఇన్నాళ్ళకి పనికొచ్చింది. పొడుగు కర్రకే కట్టండి. పోయిన వారం దిబ్బ అవతల నుంచి ఎగిరొచ్చిన జీపు జానెడు దూరంలో మిమ్మల్ని గుద్దకుండా పోతే, "నాకు వాడు కనిపించాడుగా!" అన్నారు. వాడికి మీరు కనిపించొద్దా?

సుమతి

తా.క. చీర ఏదని మీ అక్కయ్య అడిగితే, తమ్ముడికి కాపలా కాస్తోందని చెప్పండి.