మచ్చల కోడికి చెప్పిన మాట

మీకు నమస్కరించి రాస్తున్నాను. ఇక్కడ నేను, అత్తయ్య, మూడు కోళ్లు బాగున్నాం. మీరు వేళకు తింటున్నారని తలుస్తాను. కోళ్లు నాలుగు కదా, మూడని రాసిందేమిటి అనుకుంటారు. అదీ చెబుతాను.

ముందు మీరు అడిగినవాటికి జవాబులు. అత్తయ్య కాలి కట్టు విప్పారు. కర్ర పట్టుకుని వీధిగుమ్మం దాకా నడుస్తున్నారు. పెరటి మెట్లు దిగడం మాత్రం ఇంకా కుదరదు. అందుకని మంచం వెనకగది కిటికీ పక్కనే ఉంచాం. మీరు పాత మంచం చట్రం కోసి వెల్డింగు చేసిన కోళ్లగూడు గట్టిగానే ఉంది. గడియకు నూనె రాయమన్నారు, రాశాను. కానీ వీధికుక్క గడియ జోలికి రాలేదు. వానలకు నేల మెత్తబడితే గూటి కిందనుంచి తవ్వుకొచ్చి బొద్దు కోడిని పట్టుకుపోయింది. పొద్దున లేచి చూస్తే ఈకలే ఉన్నాయి. మీరు చేసిన గూడు కదా, మనసు కష్టపెట్టుకుంటారని పోయిన ఉత్తరంలో రాయలేదు. ఇప్పుడు చుట్టూ ఇటుకలు పాతాను.

కోళ్లతో విసుగ్గా లేదా అని అడిగారు. విసుగు లేని రోజు లేదు. రెట్ట ఎత్తిపోసి చేతులు కడుక్కునేలోపు మళ్లీ వేస్తాయి. ఎండలు ముదిరినప్పుడు నల్లది పెంకు లేని గుడ్లు పెట్టింది, పట్టుకుంటే నీళ్లసంచిలా జారిపోయేవి. గుడ్డుపెంకులు ఎండబెట్టి నూరి మేతలో కలిపితే సర్దుకుంది. ఇంతలో గోడ దూకి పక్కింటి దర్జీగారి పాలకూర మడి మొత్తం గీరేశాయి. క్షమించమని అడగడానికి గిన్నెలో గుడ్లు పెట్టుకుని వెళ్లాను. గేటు దగ్గర నిలబడ్డానే గాని నోరు పెగల్లేదు. ఆయనే మిషను ఆపి వచ్చారు. "చెప్పక్కర్లేదు తల్లీ. వచ్చింది మేమేనని మడినిండా కాళ్లతో సంతకాలు చేసి పోయాయి" అని నవ్వి గుడ్లు తీసుకున్నారు.

అయినా అవి లేకపోతే నాకు తోచదు. పెట్టిన గుడ్డు వెచ్చగా ఉండగానే తీసి చెంపకు ఆనించుకుంటాను. నవ్వకండి. గూడు తీయగానే ముగ్గురూ కాళ్లకు అడ్డం పడి నడవనివ్వరు. మనుషుల ముందు మాట రాదు గాని, వాటితో పొద్దస్తమానం వాగుతూనే ఉంటాను.

ఆ వాగుడంతా కిటికీలోంచి అత్తయ్యకు వినిపిస్తుందని నాకు తెలియదు. ఒకరోజు మేత వేస్తుంటే లోపల్నించి, "ఒసే నల్లదానా, మీ అమ్మగారితో చెప్పు, ఈ కాఫీలో చక్కెర వేయడం మరిచిపోయిందని" అన్నారు. చేతిలో మేతంతా అక్కడే ఒలకబోశాను. ఎక్కడినించి వచ్చిందో ధైర్యం, "నల్లదానా, డాక్టరుగారు మానమన్నారని చెప్పవే" అన్నాను. లోపల అత్తయ్య నవ్వారు. పెళ్లయి వచ్చాక ఆవిడ నవ్వు వినడం అదే మొదలు. అప్పట్నించి మా మాటలన్నీ కోళ్ల మీదుగానే నడుస్తున్నాయి. కూరలో ఉప్పు ఎక్కువైనా, కాలు నొప్పి చేసినా ముందు నల్లదానికే తెలుస్తుంది.

ఇక రాయకుండా తప్పించుకుంటున్న సంగతి. కంపెనీవాళ్లు ఇంకో రెండేళ్లు ఉండమంటున్నారు, నెలాఖరులోగా జవాబు చెప్పాలి, ఏం చేయమంటావు అని మీరు అడిగారు. ఉంటే మేడ మీద గది పూర్తవుతుందని కూడా రాశారు. నేను మీ ఇష్టం అని రాసి పోస్టు చేశాను.

అది పోస్టు చేసిన మర్నాడు మచ్చలది పొదగడానికి కూర్చుంది. కింద గుడ్లు లేవు. ఉన్నా, పుంజు లేదు గనక అవి పిల్లలు కావు. ఒట్టి గడ్డి మీద రెక్కలు పరుచుకుని కూర్చుంటుంది. మేత పెడితే చూడదు, ఎత్తి దించితే మళ్లీ పోయి అక్కడే కూర్చుంటుంది. రొమ్ముకింద ఈకలు రాలిపోయి తేలికైపోయింది. నిన్న దాన్ని ఒళ్లో పెట్టుకుని తిట్టాను. "ఏముందని కూర్చున్నావే? నాకిది కావాలని అడగడం రాదు, లేచిపోవడం రాదు. నాకు మల్లే తయారయ్యావు. ఆయన ఇంకో రెండేళ్లంటే నా వల్ల కాదే. రమ్మని రాద్దామనుకున్నాను, అత్తయ్య ఏమనుకుంటారోనని చెయ్యి ఆడలేదు" అన్నాను.

కిటికీలోంచి అత్తయ్య పిలిచారు. ఈసారి కోడిని కాదు.

"అమ్మాయ్, ఇలా రా. ఆ మాట కోడికి చెబితే ఏం లాభం? వాడికి ఉత్తరం అది రాస్తుందా?"

లోపలికి వెళ్లి మంచం పక్కన నిలబడ్డాను. గది మాట ఎత్తబోతే, "గది లేకపోతే కోళ్లగూట్లో పడుకుంటాను, వాడు చేసిందేగా" అన్నారు. తర్వాత, "మీ మామగారు దూరదేశం పనికి వెళ్లేముందు, వెళ్లనా అని నన్నూ అడిగారు. నేనూ మీ ఇష్టమనే అన్నాను. ఆయన పాపం, అది నా ఇష్టమే అనుకున్నారు" అని గోడవైపు తిరిగి పడుకున్నారు.

సాయంత్రం ఆవిడే కిటికీలోంచి దర్జీగారిని కేకేసి, ఆయన అత్తగారింట్లో పుంజు ఉంది గనక, పొదిగించే గుడ్లు అక్కడినించి తెప్పించమన్నారు. ఇవాళ తెచ్చి ఇచ్చారు. మచ్చలదాని కిందకు ఒక్కొక్కటే జరిపాను. ముక్కుతో సర్దుకుని, కళ్లు మూసుకుని కూర్చుంది. కాసేపటికి తనే లేచి నీళ్లు తాగి, గబగబా వెనక్కి వచ్చింది. కూర్చోవడం నిన్నటిలాగే ఉంది గాని, ఇవాళ దాని కింద గుడ్లున్నాయి.

పోయిన ఉత్తరంలో మీ ఇష్టం అని రాసింది నిజం కాదు. నా ఇష్టం అడిగారు కదా. మీరు వచ్చేయండి. గది సగంలో ఉంటే ఉండనీయండి. ఇక్కడా వెల్డింగు పని దొరుకుతుంది, దొరికేదాకా కోళ్లున్నాయి.

ఇది గూటి పక్కన ఇటుక మీద కూర్చుని రాస్తున్నాను. లోపల్నించి అత్తయ్య "రాశావా?" అని అడిగారు. ఎదురుగా చెప్పడానికి ఇంకా సిగ్గే. నల్లదాన్ని దగ్గరకు లాక్కుని, "రాశానని చెప్పవే" అన్నాను.

ఇట్లు,
మీరు వచ్చేదాకా గుమ్మం వైపే చూసే
మీ ఇల్లాలు