వానలో తడిసిన చెరువు మొక్క

వెంకటప్పన్నా,

నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. ఈ ఉత్తరం నీకు చేరదని తెలుసు. అయినా ఈ సంగతి ఇంకెవరికి చెప్పుకోను?

మన యూనివర్సిటీలో నువ్వు ముప్పై ఏళ్లు కాపాడిన ఎండు మొక్కల గదిని సెమినార్ హాలు చేస్తున్నారు. నీ తర్వాత ఆ గదిని చూసుకునేది నేనే కదా. సోమవారం పనికి వెళ్లేసరికి, నువ్వు ఆరబెట్టి అట్టలకు కుట్టిన మొక్కలన్నీ వరండాలో నేలమీద ఉన్నాయి. వాటిమీద వానజల్లు కొడుతోంది. నాకు ఒళ్లు మండిపోయింది.

మా విభాగం కొత్త హెడ్ సార్‌ని అడిగాను.

"అన్నిటికీ ఫోటోలు తీసినాం కదమ్మా, ఇంక ఈ చెత్తెందుకు?" అన్నాడు.

"బెళ్ళందూరు చెరువులో ఈ మొక్క ఇప్పుడు లేదు సార్. ఈ అట్ట మీద మాత్రమే ఉండాది. రేపు ఎవరన్నా దీని ఆకు పరీక్ష చేయల్లంటే, ఫోటోను కోస్తారా?" అన్నాను, తడిసిన ఒక అట్టను ఎత్తి చూపిస్తూ.

ఆయన వీటిని పారేయడానికి ఒప్పుకున్నట్టు సంతకం పెట్టమని ఒక కాగితం నా ముందుకు తోశాడు. నేను పెట్టలేదు. వేరే విభాగానికి మారుస్తానని బెదిరించాడు.

"మార్చండి సార్. ఇవి లోపలికి చేరినాక పోతాను" అన్నాను.

మా విభాగంలో పాఠాలు చెప్పే ఇద్దరు మేడమ్‌లు వచ్చి నాతోపాటు అట్టలు మోశారు. మెట్ల పక్కన ఒక పాత గది దొరికింది. చాలావరకు దక్కాయి కానీ, ఆ చెరువు మొక్క సగం కుళ్లింది. మిగిలిన సగాన్ని కొత్త అట్టకు కుట్టి, చీటీ మీద నీ పేరు, చెరువు పేరు రాశాను. కింద, "వరండాలో పడేయడం వల్ల వానకు పాడైంది" అని కూడా రాశాను.

ఆ ఒక్క వాక్యం కొట్టేయమని హెడ్ సార్ రెండుసార్లు కబురు పంపాడు.

కొట్టేయలేదన్నా.

నీ చెల్లెలు,
సరోజ