వడ్ల రోడ్డు మీద నలభై రెండు నిమిషాలు

రవాణా అధికారి గారి సముఖమునకు, చల్లపల్లి అవతలి లంక ఊరి వ్యవసాయ కూలీ ప్రకాశరావు వ్రాసుకొను అర్జీ.

విషయం: ఆటో డ్రైవరు జీవన్ కుమార్ లైసెన్సును ఆరు నెలలు నిలిపివేసిన ఉత్తర్వును రద్దు చేయుట గురించి.

అయ్యా,

1. గత డిసెంబరులో కళ్లంలో వడ్ల మీద కప్పిన బరకం తీస్తుండగా నా భార్య మార్తమ్మను పాము కరిచినది. పక్కింటి జీవన్ కుమార్ మమ్మల్ని తన ఆటోలో ఎక్కించుకుని బందరు ఆసుపత్రికి బయలుదేరినాడు. గంటన్నర పట్టినది. ఆసుపత్రి గేటు దాటేసరికే ఆమె ప్రాణం పోయినది.

2. గుడివాడలో పనిచేసే మా అబ్బాయి బెంజమిన్ దుఃఖం పట్టలేక ఈ డ్రైవరుపై ఫిర్యాదు చేసినాడు. తమ ఇన్‌స్పెక్టరు గారు విచారించి, దూరం ఇరవై ఎనిమిది కిలోమీటర్లు, ఆటో వేగం గంటకు నలభై, కావున నలభై రెండు నిమిషాల్లో చేరవలసి ఉండగా మిగతా కాలమంతా డ్రైవరు నిర్లక్ష్యమేనని తేల్చినారు. భాగహారంలో తప్పు లేదు.

3. అయితే అది కోతల కాలం. దారి పొడవునా సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, అంచున రాళ్లు పెట్టి ఉన్నవి. మిగతా సగంలో ఎదురుగా ధాన్యం లారీలు. లారీ వచ్చినప్పుడల్లా ఆటో ఆగవలసినదే, లేదా వడ్ల మీద ఎక్కించవలసినదే. జీవన్ మొదట్లోనే ఎక్కించబోయినాడు. నా భార్య అతని భుజం పట్టుకుని ఆపినది.

"వడ్ల మీద ఎక్కించకు నాయనా, ఎవరి కష్టమో. కాసేపు ఆగితే ఏం పోద్ది."

ఆ మాట తోసేసే గుండె అతనికి లేకపోయినది. నాకూ లేకపోయినది. ఏళ్ల తరబడి ఆ రోడ్ల మీదే వడ్లు కాళ్లతో తిరగేసిన మనుషులం. చక్రం ఎక్కితే గింజ నూకవుతుందని ఆమెకు తెలుసు.

4. కనుక నిర్లక్ష్యమునకు నోటీసు ఇవ్వక తప్పదన్న యెడల, మొదట నా భార్య పేర, తరువాత నా పేర ఇవ్వవలసినది. ఆమె చిరునామా మా ఊరి చర్చి వెనుక సమాధుల దొడ్డి. ఈ సంగతి బెంజమిన్‌కు చెప్పినాను. "వాడిని కాపాడ్డానికి అమ్మ మీద పెడుతున్నావా నాన్నా" అని ఫోను పెట్టేసినాడు. జీవన్ ఆటో అమ్ముకున్నాడు, మా గుమ్మం వైపు తలెత్తి చూడడం లేదు. అయ్యా, నేను ఈ ఇద్దరినీ కూడా పోగొట్టుకున్నాను.

పై సంగతులు చిత్తగించి, ఆ అబ్బాయి లైసెన్సు అతనికి తిరిగి ఇప్పించవలెను.

తమ విధేయుడు,
ప్రకాశరావు

తా.క.: ఈ అర్జీ పట్టుకుని ఇవాళ అదే దారిన బస్సులో బందరు వచ్చినాను. రోడ్డంతా రెండో పంట దాళ్వా వడ్లు ఆరబోసి ఉన్నవి. బస్సు వాటి మీదుగానే వచ్చినది, ఎవరూ ఆపమనలేదు. తమ లెక్కకు సరిగ్గా నలభై రెండు నిమిషాలకు దిగినాను.