ఇరవై ఆరున్నర స్కీ బూట్లు

నవంబరు 14, శుక్రవారం

దోహాలో ఆరాధన శుక్రవారమే. చర్చి నుంచి వచ్చి భోంచేశాక నిర్ణయం తీసుకున్నాను. ఈసారి స్కీ బూట్లు అద్దెకు కాదు, సొంతానికి. కొలిచి కొంటాను. కొన్నాక మాట మార్చను.

కారణం ఇదీ. పోయిన జనవరిలో నేనూ మోనికా జార్జియా దేశం వెళ్ళాం. దోహాలో పనిచేసే మోనికా లాంటి నర్సులు, ఇంజినీర్లు మంచు చూడాలంటే ముందు వెళ్ళేది అక్కడికే. లిఫ్టెక్కి పైకి పోయి, కాళ్ళకు స్కీ చెక్కలు బిగించుకుని కిందికి జారడం ఇద్దరం నేర్చుకున్నాం. మోనికాకు వచ్చింది. నాకు అద్దె బూట్లు కరిచాయి. చివరి రోజు ఆమె స్కీల అడుగున జారకుండా పట్టీలు అంటించుకుని, లిఫ్టు లేని కొండకు ఒక బృందంతో నడిచి ఎక్కింది. నేను టీ దుకాణంలో బూట్లు విప్పి కూర్చుని, పాదం ఫొటో తీసి ఆమెకు పంపాను. ఆమె సగం కొండ మీంచి దిగి వచ్చేసింది.

వచ్చే జనవరి 16కి మా పెళ్ళై పదేళ్ళు. ఆ రోజు ఇద్దరం కలిసి ఆ కొండ గట్టు పైదాకా ఎక్కాలని అనుకున్నాం. మోనికా ఒకటే మాట అంది: "మీరు రాకపోతే నేనూ ఎక్కనండీ. సగంలో దిగి రావడం మళ్ళీ నావల్ల కాదు."

నేను సేఫ్టీ ఆఫీసర్ని. బిర్కత్ అల్ అవామిర్‌లో మా కంపెనీ క్యాంపు ఉంది. పని మొదలయ్యే ముందు అక్కడ రోజూ మీటింగు పెట్టి, బూట్లు ఎలా వేసుకోవాలో మనుషులకు చెప్పేది నేనే. నా కాలికి నేను బూటు ఎంచుకోలేనా?

నవంబరు 15, శనివారం

కొన్నాను!

తెలిసిన సంగతులు: రిసార్టులో జారే బూటు బరువు, గట్టి. నడిచి ఎక్కే బూటు తేలిక, చీలమండ కదులుతుంది, ముక్కు దగ్గర రెండు వైపులా చిన్న గుంటలు ఉంటాయి. స్కీకి ఉన్న పిన్నులు ఆ గుంటల్లో పడితేనే మడమ ఎత్తి నడవగలం. మాకు రెండూ కావాలి కనక మధ్యరకం తీసుకున్నాం. దాని వెనక చిన్న లీవరు ఉంది. పైకి తిప్పితే నడక, కిందికి తిప్పితే జారుడు. షాపులోనే అరగంట తిప్పాను.

స్కీ బూటు సైజంటే సెంటీమీటర్లే. మడమ గోడకు ఆనించి కొలిచారు. కుడి 26.2, ఎడమ 26.4. అంటే నాది ఇరవై ఆరున్నర. మోనికా బూటు లోపలి మెత్తటి తొడుగు బయటికి తీయించి, ఖాళీ ప్లాస్టిక్ డొప్పలో నా కాలు పెట్టించింది. వేళ్ళు ముందుకు ఆనిస్తే మడమ వెనక ఒకటిన్నర వేలు పట్టింది. "సరిపోయింది" అంది. తొడుగు మళ్ళీ పెట్టి వేసుకుంటే బొటనవేలు గోడకు తగిలింది. మోకాలు వంచితే వెనక్కి జరిగింది.

"ఇప్పుడు బిగుతుగానే ఉంటుందండీ. రోజూ వేసుకుంటే తొడుగు అణుగుతుంది. అప్పుడు చూడండి."

నియమాలు:
1. రోజూ గంట వేసుకోవాలి.
2. సైజు మార్చకూడదు.
3. ఎవరి సలహానూ వినకూడదు.

జార్జియాలో స్కీలు అద్దెకిచ్చే షాపుకు మోనికా బూటు అడుగు పొడవు రాసి పంపింది. 306 మిల్లీమీటర్లు. దానికి తగ్గట్టు స్కీలు బిగించి ఉంచుతారట. ఇక వెనక్కి పోయేది లేదు.

నవంబరు 16, ఆదివారం

మొదటి గంట. హాల్లో బూట్లు తొడుక్కుని నిలబడ్డాను. మా అత్తగారు జయకుమారి గారు తణుకు నుంచి విజిట్ వీసా మీద వచ్చి మా దగ్గరే ఉన్నారు. వంటింట్లోంచి గరిటెతో వచ్చారు.

"ఇదేంటి బాబూ, ఇంట్లో చెప్పులేసుకుని?"

"ఇవి నేల తొక్కని బూట్లు అత్తయ్యా. డబ్బాలోంచి ఇప్పుడే తీశాను."

"నేల తొక్కకపోతే చెప్పు కాస్తా కంచం అయిపోద్దా?"

బాల్కనీలోకి వెళ్ళాను. మేముండే అల్ అజీజియాలో నవంబరు ఎండ తక్కువేమీ కాదు. ప్లాస్టిక్ మెత్తబడింది. నొప్పి తగ్గింది. అత్తగారికి మనసులో కృతజ్ఞతలు చెప్పుకున్నాను. గంట పూర్తి.

నవంబరు 20, గురువారం

ఐదో గంట, రికార్డు చెడలేదు. కాని ఒక సంఘటన.

సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన కూటం. బాల్కనీలో అత్తగారు వడియాలు పెట్టారు కాబట్టి ఫ్లాటు బయట కారిడార్లో బూట్లు వేసుకుని అటూ ఇటూ నడిచాను. అక్కడ ఏసీ ఉంది. చలికి ప్లాస్టిక్ బిగుసుకుంది. గంట అయ్యాక విప్పబోతే కాలు రాలేదు. అప్పుడే లిఫ్టులోంచి సంఘస్తులు దిగారు. ఒక్కొక్కరూ నా పక్కన చెప్పులు విడిచి, నా కాళ్ళు చూసి, "ప్రైజ్ ద లార్డ్ బ్రదర్" అని లోపలికి వెళ్ళారు.

నేను వెళ్ళలేను. గుమ్మం దగ్గర చెప్పుల మధ్య కూర్చుని కూటం విన్నాను. పెద్దాయన ఏసోబు గారు లోపల నుంచి ప్రార్థన చేశారు: "ప్రభువా, గుమ్మంలో కూర్చున్న డేనియల్ బ్రదర్ పాదాలను విడిపించు తండ్రీ."

లోపలంతా ఆమెన్ అన్నారు. అత్తగారిదే పెద్ద గొంతు.

టీ వేళకు పాదాలు విడుదలయ్యాయి. మోనికా, మరో ఇద్దరు లాగారు.

నవంబరు 24, సోమవారం

ఇంట్లో స్థలం లేనందువల్ల బూట్లు ఆఫీసుకు తీసుకెళ్ళాను. లంచ్ టైములో కంటైనర్ ఆఫీసులో వేసుకున్నాను. స్టోర్ కీపర్ మారుతి వచ్చాడు. జగిత్యాల మనిషి. క్యాంపులో అందరికీ సేఫ్టీ బూట్లు ఇచ్చేది అతనే.

"గిదేంది డేనియలన్నా? బూటా, సిమెంట్ పోసే డబ్బానా?"

చెప్పాను. అతను వంగి బూటు ముక్కు మీద బొటనవేలితో నొక్కి చూశాడు.

"ఏలు ఆడుతుందా?"

"ఆడకూడదు."

"ఆడకపోతే సైజ్ తక్కువైనట్టే గదనే. ఏలు ముంగట ఒక ఏలు సందు ఉండాలె. రోజు మీటింగుల నువ్వే చెప్తవ్."

"అది ఎండలో పనిచేసేవాళ్ళకి. కాళ్ళు ఉబ్బుతాయి కాబట్టి. ఇది మంచు."

"మంచైతే సలి పెడ్తది. సలి పెడ్తె రెండు సాక్సులు ఏస్తవ్. రెండు సాక్సులు ఏస్తె ఇంకింత పెద్ద బూటు గావాలె. లెక్క సీదా ఉంది."

తిప్పి చూశాను. లెక్కలో తప్పు కనిపించలేదు. అయినా మూడో నియమం ఉంది. వినలేదు.

ఈరోజు: నలభై నిమిషాలు. మీటింగుకు పిలిచారు.

నవంబరు 27, గురువారం

ఇరవై నిమిషాలు. తుమామా సైటులో తనిఖీ ఉండింది.

నవంబరు 30, ఆదివారం

వేసుకోలేదు. తొడుగుకు గాలి తగలాలి. ఇది కూడా అణగడంలో భాగమే.

డిసెంబరు 2, మంగళవారం

బూట్లు కుర్చీలో, నేను పక్క కుర్చీలో. ఇద్దరం గంటసేపు కూర్చున్నాం.

అత్తగారు అటు వెళ్తూ అన్నారు: "మా ఆయన ఎప్పుడూ ఒక నంబరు ఎక్కువే కొనేవోరు బాబూ. ముందు దూది కుక్కుకునేవోరు. జీవితంలో కాలు నొప్పి అన్న మాటే తెలీదు."

ఎడమ బొటనవేలి గోరు ఎర్రబడింది. ఇది వాస్తవం. వాస్తవాన్ని గౌరవించాలి.

డిసెంబరు 5, శుక్రవారం

మోనికా డ్యూటీలో ఉంది. షాపుకు వెళ్ళాను. సంచిలో బూట్లు ఉండటం యాదృచ్ఛికం కాదు. బయట నేల మీద నడవని జత గనక మార్చి ఇస్తామన్నారు. అత్తగారి పట్టింపు ఇలా పనికొచ్చింది.

ఇరవై ఏడున్నర. కాలు పెట్టాను. వేళ్ళు ఆడాయి. అయిదూ విడివిడిగా, ఎవరికి వారు. షాపులో నవ్వేశాను.

రెండో నియమం గురించి: మార్చింది సైజు కాదు, జత. కొత్త జత సైజు వేరుగా ఉంది, అంతే.

సాయంత్రం ఏడు. మోనికా వచ్చింది. నేను బాల్కనీలో బూట్లతో గుంజీలు తీస్తున్నాను.

"నొప్పి లేదా?"

"లేదు. అణిగాయి."

ఆమె ముఖం వెలిగిపోయింది. "చెప్పానా?" అంది. చెప్పింది, నిజమే.

డిసెంబరు 18, గురువారం

ఖతార్ నేషనల్ డే సెలవు. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా బూట్లతోనే ఉన్నాను. బాల్కనీలోనే అన్నం తిన్నాను, నిద్రపోయాను కూడా. మోనికా వీడియో తీసి వార్డులో నర్సులందరికీ పంపింది: "ఓపిక పడితే అణుగుతుందనడానికి మా ఆయనే సాక్షి." ఒక మలయాళీ సిస్టరు తన భర్తకు చూపించి తిట్టిందట.

నేను చెప్పింది అబద్ధమా? అణిగాయి అన్నాను. ఏవి అణిగాయో చెప్పలేదు. మోనికా అడగలేదు.

క్రిస్మస్ తర్వాత చెబుతాను.

జనవరి 3, శనివారం

అత్తగారు తణుకు వెళ్ళిపోయారు. బాల్కనీ ఖాళీ. కొత్త సంవత్సరం వారంలో మనసు పాడుచేయడం మంచిది కాదు. జార్జియాలో చెబుతాను. అక్కడ చల్లగా ఉంటుంది.

జనవరి 15, గురువారం, జార్జియా

నేను చెప్పలేదు. బూటే చెప్పింది.

స్కీల షాపు. నూనూగు మీసాల మెకానిక్ బిగించి ఉంచిన స్కీ తీశాడు. నా బూటు పెట్టాడు. ముక్కు పిన్నుల్లో పడింది. మడమ పడలేదు. నొక్కాడు. ఇంకోసారి నొక్కాడు. టేపు తీసి బూటు అడుగు కొలిచి, "మూడొందల పదహారు" అన్నాడు.

"మూడొందల ఆరు" అంది మోనికా.

అతను టేపు ఆమెకే ఇచ్చాడు. ఆమె కొలిచింది. బూటు తిప్పి మడమ మీద ఉన్న అంకె చదివింది.

"ఏమండీ. ఈ బూట్లు ఎవరివి?"

"నావే."

"మీవి ఇరవై ఆరున్నర."

"అవీ నావే. షాపులో ఉన్నాయి."

ఆమె టేపు మెకానిక్‌కు తిరిగి ఇచ్చేసింది. మెకానిక్ స్క్రూడ్రైవర్ తిప్పి స్కీని బూటుకు సరిచేశాడు. రెండు నిమిషాల పని. సమస్య తీరిందనుకున్నాను.

వాలు మీదికి వెళ్ళాక తెలిసింది. నేను ఎడమకు తిరగాలనుకుంటే కాలు తిరుగుతోంది, బూటు ఆలోచిస్తోంది. బూటు నిర్ణయించుకునేసరికి నేను పడిపోయి ఉన్నాను. రెండో జత సాక్సులు వేశాను, మూడో జత కూడా. ఎక్కేటప్పుడు అడుగడుక్కీ మడమ లేచి రాచుకుంది. రేపు మమ్మల్ని కొండకు తీసుకెళ్ళాల్సిన గైడు చూసి తల అడ్డంగా ఊపాడు. ఈ బూట్లతో నన్ను తీసుకెళ్ళడు. ఊళ్ళో అద్దెకు దొరికే నా సైజు బూట్లు రిసార్టువే, పిన్నుల గుంటలు లేవు.

రాత్రి భోజనంలో మోనికా ఉప్పు అందించమని కూడా అడగలేదు. లేచి తానే తెచ్చుకుంది.

జనవరి 16, శుక్రవారం

పొద్దున ఆరున్నర. మోనికా పూర్తిగా తయారై తలుపు దగ్గర నిలబడింది.

"మీరు రాకపోతే ఎక్కనన్నాను. మీరు వచ్చారు. బూట్లే రాలేదు. వాటి కోసం నేను ఆగను."

వెళ్ళిపోయింది. నాకు గొప్ప సంతోషం వేసింది. వెంటనే భయమూ వేసింది.

రిసార్టు బూట్లు అద్దెకు తీసుకున్నాను. ఇరవై ఆరున్నర. తొడుగు తీయించి, మడమ వెనక వేలు పెట్టి చూశాను. బిగుతుగా ఉన్నాయి. కరవలేదు. పోయినేడు కరిచిన అద్దె బూట్లు ఏ సైజో నేను అసలు అడగలేదని అప్పుడు తట్టింది.

పదకొండింటికి మొదటిసారి ఎడమకు తిరగాలనుకుని ఎడమకు తిరిగాను. నమ్మకం కుదరక మళ్ళీ తిరిగాను. కుడికి కూడా. ఎదురొచ్చిన కువైట్ పిల్లలకు చెయ్యి ఊపబోయి పడ్డాను. ఈరోజు ఫొటోలేవీ పంపలేదు.

నాలుగింటికి మోనికా దిగి వచ్చింది. ముక్కు తోలు ఊడి ఉంది. నవ్వు ఆగడం లేదు, ఆపాలని ప్రయత్నిస్తోంది.

"గట్టు పైదాకా వెళ్ళావా?"

"వెళ్ళాను."

"పైన ఏముంది?"

"గాలి. అవతల ఇంకో కొండ. మీరు లేరు."

"కోపంగా ఉందా?"

"ఉంది. దోహా వెళ్ళాక పడతాను. ముందు సూప్ చెప్పండి, చేతులు పనిచేయట్లేదు."

చెంచాతో నేనే తాగించాను. పక్క బల్లవాళ్ళు చూశారు. చూడనివ్వండి.

జనవరి 23, శుక్రవారం, దోహా

కోపం ఆదివారం నుంచి మంగళవారం దాకా పడింది. బుధవారం మార్చి నెలకు సెలవు పెట్టింది. ఇద్దరికీ. అప్పటికి ఆ కొండ మీద మంచు ఇంకా ఉంటుందట.

ఇరవై ఏడున్నర జత ఏసోబు గారి అబ్బాయికి సరిపోయింది. తొడుగు తీయించే చూశాం. ఈ మధ్యాహ్నం షాపుకు ఇద్దరం వెళ్ళాం. ఇరవై ఆరున్నర తీసుకున్నాను. బిల్లు మోనికా పర్సులో పెట్టుకుంది. మార్చాలంటే ఆమెను అడగాలి.

నిర్ణయం, మళ్ళీ మొదటి నుంచి: రోజూ గంట. నొప్పి పుడితే మోనికాకు చెప్పాలి, ఇంకెవరికీ కాదు.

సాయంత్రం ఐదున్నరకు మోనికా తన బూట్లు కూడా తీసింది. "లేవండి. కూర్చుంటే అణగవు. కొండెక్కితే అణుగుతాయి."

దోహాలో కొండ లేదు. ఆస్పైర్ పార్కులో గడ్డి మిట్ట ఉంది. చుట్టూ దుప్పట్లు పరుచుకుని జనం, బిర్యానీలు, గాలిపటాలు. ఇద్దరం స్కీ బూట్లు తొడుక్కుని, లీవరు నడక వైపు తిప్పుకుని, టకటకమంటూ బయల్దేరాం. ఒక ఈజిప్టు ఆవిడ పిల్లల్ని పక్కకు లాక్కుంది. సెక్యూరిటీ అతను దగ్గరికి వచ్చి కాళ్ళు చూసి, ముఖాలు చూసి, ఏ నిబంధన కిందకి వస్తుందో తేలక వెళ్ళిపోయాడు.

సగం మిట్ట దగ్గర బొటనవేలు మొదలుపెట్టింది.

"నొప్పా?" అంది మోనికా.

"నొప్పే."

"దిగుదామా?"

"వద్దు."

పైకి చేరాం. గాలి ఉంది. అవతల ఇంకో మిట్ట ఉంది. మోనికా చెమట తుడుచుకుంటూ దాన్నే చూస్తోంది.

"అదీ ఎక్కుదామండీ" అంది.