చిక్కుడు కొత్త నాటి ప్రశ్న

అమ్మమ్మా,

నువ్వు పోయాక మొదటి చిక్కుడు కొత్త పండగ నిన్న అయింది. పూజారి దేవుడికి పెట్టేదాకా ఊళ్లో ఎవరూ కొత్త చిక్కుళ్లు నోట్లో వేసుకోలేదు. ఆ పట్టింపు అలాగే ఉంది.

నీ కోడలు, మా అత్త, సామలన్నం, చిక్కుడు కూర వండింది. ఊరంతా మన వాకిట్లోనే అడ్డాకులు వేసుకుని కూర్చుంది. వడ్డన అయిపోయినా ఎవరూ తినలేదు. నేనూ ముద్ద కలిపి ఆగిపోయాను.

ఈ ఊరికి కోడలిగా వచ్చింది మొదలు చూపు ఆనని ముసలితనం దాకా, ప్రతి కొత్తకీ "ఎవులింకా రానేదర్రా?" అని నువ్వు అడిగేదానివి. కాఫీ తోటలో ఎవరైనా ఆలస్యమయ్యారంటే, వాళ్లొచ్చేదాకా మా ఆకలి నీకు పట్టేది కాదు. "కూర సల్లారిపోతంది" అని అత్త ఏటా సణిగేది.

నిన్న ఆ అత్తే గరిటె పట్టుకుని నిలబడి, "ఎవులింకా రానేదర్రా?" అంది.

చుట్టూ చూసుకున్నాం. ఊళ్లోవాళ్లందరూ ఉన్నారు. అయినా "అందరం వచ్చేసినాం" అనడానికి ఒక్కరికీ నోరు రాలేదు.

కూర చల్లారాకే తిన్నాం.