చెంబు మీద పళ్ళెం

చెల్లీ,

నువ్వు పోయి ఏడాది తిరక్కుండానే, మిరపకోతలు అవగానే, ఇవాళ మీ ఆయనకి మళ్ళీ పెళ్ళి చేశారు. తాంబూలాలు నీ పళ్ళెంలోనే పంచాను. చీరాలలో కొన్న పాత ఇత్తడి పళ్ళేన్ని, బోర్లించిన చొట్టల చెంబు మీద మాటు వేయించి అతికించి నిలబెట్టావే, అదే. దాని మీద మునుపు వాడుకున్నావిడ పేరు అరగదీస్తానన్నాడు మాట్లేసేవాడు. "ఎవరి తల్లో, ఉండనియ్యి" అని ఆ కిందే నీ పేరు కొట్టించావు.

కొత్తపిల్ల ఖాళీ పళ్ళెం తుడుస్తూ రెండు పేర్లూ తడిమింది. నీ కూతురు ఆ పిల్ల చంకలోనే ఉంది.

"అక్కయ్యా, వీటి కింద నా పేరు కొట్టించుకోనా?" అంది.

నాకు ఒళ్ళు మండింది. పళ్ళెం లాక్కుందామనుకున్నాను. నీ కూతురు ఆ మెడ వదల్లేదు.

"కొట్టించుకో అమ్మా" అన్నాను. ఆ పేరు కింద ఇంకెంత చోటు మిగులుతుందో చూడకుండా ఉండలేకపోయాను.