దివ్య నొప్పి సూది అడిగింది

సరోజక్కా,

నిన్న నా కూతురు దివ్యకు కోలారులో అపెండిక్స్ ఆపరేషన్ జరిగింది. దానికిప్పుడు ఐదో నెల. నువ్వు పోయినప్పుడు నీకూ ఐదో నెలే, ఇదే కడుపునొప్పి.

ఆస్పత్రి వరండాలో దివ్య అత్తగారు నా చెయ్యి పట్టుకుంది. "కడుపుతో ఉండే బిడ్డకు మత్తు, సూది అంటా ఉండారే! ఇంగ కొంచెం ఓర్చుకోమని చెప్పమ్మా."

"ఓర్చుకున్న మా ఇంటి బిడ్డను మేము ఒకసారి పూడ్చినాము లేమ్మా," అన్నాను.

గనిలో కాలు నలిగినా అరవలేదని గొప్పగా చెప్పుకునే నాయన నీకూ అదే పాఠం చెప్పాడు. మాత్ర మింగితే బిడ్డకు చెరుపని అమ్మ జీలకర్ర కషాయమే తాగించింది. లోపల అపెండిక్స్ పగిలి నువ్వూ బిడ్డా పోయాక, పదకొండో రోజు భోజనాలకు కూర్చున్న వాళ్ళంతా నీ ఓర్పునే పొగిడారు. ఆడదాని నొప్పికి వైద్యం చేయించని వాళ్ళే దానికి ఓర్పని పేరు పెడతారు. ఆ పొగడ్త మీద నాకింకా కోపం చల్లారలేదు.

నిన్న డాక్టరమ్మ మాత్రం, "మత్తు కన్నా ఆలస్యమే బిడ్డకు ఎక్కువ ప్రమాదం" అని వెంటనే లోపలికి తీసుకుపోయింది.

సాయంత్రం మెలకువ రాగానే దివ్య, "నొప్పిగా ఉండాది, సూది వేయమని చెప్పు మా," అంది. నర్సు వేసింది. తర్వాత కడుపు మీద మిషన్ పెట్టి, బిడ్డ గుండె చప్పుడు మా అందరికీ వినిపించింది.

దివ్య సిగ్గుపడకుండా అడిగింది, వాళ్ళు ఎందుకని అడక్కుండా ఇచ్చారు. నీకు కావలసిందీ ఇంతే కదక్కా.